రెండు డోసులకే జ్వరం దిగాలంటే ఎలా?

మా రోజుల్లో టైఫాయిడ్ అంటే మూడు వారాల లెక్క. పెద్దవాళ్ళు సన్నిపాత జ్వరం అనేవాళ్ళు. ఇంటిల్లిపాదీ దానికి సిద్ధపడేవాళ్ళు, పగలు ఒకళ్ళు, రాత్రి ఒకళ్ళు పిల్లాడి పక్కన కూర్చునేవాళ్ళు. ఇప్పుడు సోమవారం సాయంత్రం సిరప్ మొదలుపెడితే మంగళవారం సాయంత్రానికల్లా ఒళ్ళు చల్లబడాలి. చల్లబడలేదా, ఆ డాక్టరుకేం తెలియదని తేల్చేస్తారు. బుధవారం ఇంకో డాక్టరు, ఇంకో యాంటీబయాటిక్. గురువారం మూడో ఆసుపత్రి, చేతికి సూది, సెలైన్. శనివారానికి జ్వరం దిగుతుంది. ఆఖరున చూసినాయన హస్తవాసి మంచిదని కాలనీ అంతా చెప్పుకుంటారు. మొదటి డాక్టరు రాసిన మందే కుదురుగా వేసి ఉంటే ఆ శనివారానికే దిగేదని ఒక్కరికీ తట్టదు.

నేను ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ మా అపార్ట్‌మెంట్‌లో ఏ పిల్లకి ఒళ్ళు వెచ్చబడినా మా తలుపు కొడతారు. కొట్టనీ, అది నాకు బరువు కాదు. నా బాధల్లా వాళ్ళు అడిగే ప్రశ్న గురించే. "ఆంటీ, మూడు డోసులు పడ్డాయి, ఇంకా నూటొకటి ఉంది, మందు మార్చమని అడగమంటారా?" పిల్ల ఎలా ఉందమ్మా అంటే థర్మామీటర్ చూపిస్తారు. అది కాదు తల్లీ, నీళ్ళు తాగుతోందా, పాస్‌కి వెళ్ళిందా, జ్వరం తగ్గినప్పుడు కాసేపైనా లేచి ఆడుతోందా అని అడిగితే తెల్లమొహం వేస్తారు.

యాంటీబయాటిక్ జ్వరం మందు కాదు. అది క్రిమిని చంపుతుంది, లేదా పెరగకుండా ఆపుతుంది. జ్వరం ఆ క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్ళు తనంతట తాను పెంచుకునే వేడి. పొయ్యి ఆర్పినంత మాత్రాన అన్నం గిన్నె ఆ క్షణానే చల్లారుతుందా? గొంతులో చీము పట్టి వచ్చిన జ్వరమైతే సరైన మందు పడ్డాక ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. న్యుమోనియాకీ, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కీ 48 నుంచి 72 గంటలు చూడాలి. టైఫాయిడ్ అన్నిటికన్నా మొండిది. దాని క్రిమి మన కణాల లోపలికి దూరి కూర్చుంటుంది కాబట్టి మందు సరైనదే అయినా, మోతాదు సరిగ్గానే ఉన్నా, జ్వరం పూర్తిగా దిగడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఇక వైరస్ జ్వరమైతే యాంటీబయాటిక్ వేసినా వేయకపోయినా ఒకటే, దాని గడువు దానిదే. పిల్లలకు వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం ఇవే.

ఈ మాట మందు రాసినప్పుడే చెప్పాల్సింది డాక్టరు. మా రోజుల్లో చెప్పేవాళ్ళు. "అమ్మా, ఇది టైఫాయిడ్, ఇంకో ఐదు రోజులు జ్వరం వస్తూనే ఉంటుంది, భయపడి పరుగెత్తకు" అని మంచం పక్కన నిలబడి చెప్పేవాళ్ళు. ఇప్పుడు టోకెన్ నంబరు పిలిచేలోపు చీటీ చేతికొస్తుంది. చీటీ నిండా మందులుంటాయి, మాట ఒక్కటీ ఉండదు. తల్లి మందు మార్చమని పరుగెత్తిందంటే తప్పు ఆమె ఒక్కదానిదే అనను.

మా వార్డులో ప్రతి మంచం కాళ్ళవైపు ఒక అట్ట వేలాడుతుండేది. దాని మీద జ్వరం చార్టు. నాలుగు గంటలకోసారి పాదరసం థర్మామీటర్ విదిలించి, చంకలో పెట్టి, గడియారం చూసి, తీసి, చార్టులో ఒక చుక్క పెట్టి, వెనక చుక్కతో గీత కలిపేవాళ్ళం. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వస్తే ముందు చూసేది ఆ గీతనే. నిన్న సాయంత్రం నూటనాలుగు దాకా ఎక్కింది, ఇవాళ సాయంత్రం నూటమూడుతో ఆగింది. నిన్న మూడుసార్లు లేచింది, ఇవాళ రెండుసార్లే. శిఖరాలు పొట్టివవుతున్నాయి, మధ్య ఎడం పెరుగుతోంది. "మందు పనిచేస్తోంది సిస్టర్, కదిలించొద్దు" అనేవారు. ఆ క్షణానికి పిల్లాడి ఒళ్ళు కాలుతూనే ఉండేది. అయినా మందు పనిచేస్తోందని ఆ గీత చెప్పేది. దాన్ని చదవడం తెలిసినవాళ్ళు అనవసరంగా మందు మార్చేవాళ్ళు కారు.

ఇప్పుడు చేతిలో ఫోను, ఫోనులో పిల్లాడి ఫొటోలు వందలు. నిన్న రాత్రి జ్వరం ఎంతుందంటే మాత్రం "చాలా ఉందాంటీ" అంటారు. ఎంతమ్మా అంటే ఒకళ్ళు నూటరెండంటారు, ఇంకొకళ్ళు నూటనాలుగంటారు. ఒక చిన్న నోటుబుక్కు కొనలేకా? టైము, జ్వరం, ఏ మందు ఎన్ని ఎమ్మెల్, ఏం తాగాడు, ఎన్నిసార్లు మూత్రం పోశాడు, ఇంతే రాయాలి. మూడో రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ ఒక్క కాగితం చూపిస్తే సగం రక్తపరీక్షల పని అదే చేస్తుంది.

కరోనా వచ్చినప్పటి నుంచి నుదుటికి తుపాకీలా పెట్టి చూసే యంత్రం ఇంటింటికీ వచ్చింది. పదినిమిషాలకోసారి పెట్టడం, ఒక పాయింటు పెరిగితే గుండెలు బాదుకోవడం. నిద్రపోతున్న పిల్లని లేపి మరీ నోట్లో పారాసిటమాల్ పోస్తారు. ఎందుకమ్మా లేపావంటే నూటొకటి ఉందంటుంది. పారాసిటమాల్ ఉన్నది ఆ అంకెను చెరపడానికి కాదు, పిల్లకి ఒంటినొప్పులు తగ్గి, కాస్త తెరిపినపడి, నాలుగు గుక్కలు తాగడానికి. హాయిగా నిద్రపోతున్న పిల్లకి నిద్రే మందు.

ఆ పారాసిటమాల్ సంగతి ఒకటి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పది కిలోల బిడ్డకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు. మందుల షాపులో సీసాలు చూడండి. ఒకదాని మీద 5 ఎమ్మెల్‌లో 120 అని ఉంటుంది, ఇంకోదాని మీద 5 ఎమ్మెల్‌లో 250 అని ఉంటుంది, చిన్న చుక్కలమందు సీసా మీద ఒక్క ఎమ్మెల్‌లోనే 100 అని ఉంటుంది. అదే బిడ్డకు మొదటిదైతే ఆరు ఎమ్మెల్, రెండోదైతే మూడు, చుక్కలమందైతే ఒకటిన్నర. పాత సీసా అయిపోయిందని కొత్తది తెచ్చి, అలవాటుగా అదే ఆరు ఎమ్మెల్ పోస్తే బిడ్డ లోపలికి రెట్టింపు మందు వెళ్తుంది. అలా రెండు మూడు రోజులు పోస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. రంగూ రుచీ ఒకటే కదా అని పోసేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. మా రోజుల్లో కంపౌండరు మిక్స్చరు సీసా పక్కన మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవాడు. ఒక మెట్టు ఒక డోసు. చదువు రాని తల్లి కూడా తప్పు పోసేది కాదు. ఇప్పుడు సీసాతో పాటు గీతల గిన్నె ఇస్తున్నారు, దాన్ని అవతల పారేసి వంటింటి చెంచాతో పోస్తున్నారు.

జ్వరం దిగట్లేదని పారాసిటమాల్‌తో మెఫెనమిక్ యాసిడ్ కలిపి, గంట విడిచి గంట మార్చి మార్చి పోయడం ఇంకో జాడ్యం. ఆ మెఫెనమిక్ యాసిడ్ వల్ల కొందరికి ఒళ్ళంతా దద్దుర్లతో, లోపలి అవయవాలు దెబ్బతినే తీవ్రమైన రియాక్షన్ రావచ్చని 2023 నవంబరులో మన ఫార్మకోపియా కమిషనే హెచ్చరించింది. ఇంకో జ్వరం మందు నిమెసులైడ్‌ని 12 ఏళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లోనే మన దేశంలో నిషేధించారు. మా చిన్నప్పుడు కిరాణా కొట్లో కూడా ఆస్ప్రిన్ బిళ్ళ దొరికేది, సగం విరిచి పిల్లలకు వేసేవాళ్ళు. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్ప్రిన్ వేస్తే మెదడూ కాలేయమూ దెబ్బతినే ప్రమాదం ఉందని తర్వాత తెలిసింది. 1963లో ఆస్ట్రేలియాలో డగ్లస్ రై అనే డాక్టరు వర్ణించిన ఆ జబ్బుకి ఆయన పేరే ఉంది. డెంగీ అనుమానం ఉన్నప్పుడైతే పారాసిటమాల్ తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. ఇన్ని తెలిసిన కాలంలో బతుకుతూ ఒక్క పారాసిటమాల్‌తో సరిపెట్టుకోలేకపోవడం ఏమిటి?

యాంటీబయాటిక్ పొడి సీసా ఇంట్లో కలపడం ఒక పని. దాన్నీ పనిలా చేయరు. ముందు సీసా తలకిందులు చేసి అడుగున గట్టిపడ్డ పొడిని విదిలించాలి. కాచి చల్లార్చిన నీళ్ళు సగం పోసి బాగా కుదపాలి. నురగ తగ్గాక గీత దాకా మిగతా నీళ్ళు పోసి మళ్ళీ కుదపాలి. మందు వేసే ప్రతిసారీ కుదపాలి. కుదపకపోతే మొదటి రోజుల్లో పలచటి నీళ్ళు, ఆఖరి రోజుల్లో చిక్కటి మందు బిడ్డ లోపలికి వెళ్తాయి. అలాంటప్పుడు మూడు రోజులైనా జ్వరం దిగలేదంటే మందుదా తప్పు? ఇంకొందరు పాలసీసాలో కలిపేస్తారు. పిల్ల సగం పాలు తాగి వదిలేస్తే సగం మందు అందులోనే ఉండిపోతుంది. ఇంత వరకూ ఏ డాక్టరూ ఈ సంగతి ఆరా తీయలేదని ఒక తల్లి నాతో అంటే, ఆమె మీద కన్నా ఆ డాక్టర్ల మీదే కోపం వచ్చింది.

పథ్యం మాటకొస్తే, లంఖణం పరమౌషధమని మా పెద్దవాళ్ళు టైఫాయిడ్ పిల్లల్ని వారాల తరబడి బార్లీ నీళ్ళ మీద ఉంచేవాళ్ళు. అది నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. క్రిమితో పాటు ఆకలి కూడా పిల్లాణ్ణి తినేసేది. జ్వరం దిగేసరికి డొక్కలు లెక్కపెట్టగలిగేలా ఉండేవాళ్ళు. కానీ పథ్యం పేరుతో ఒక మనిషి గంటగంటకీ పక్కన కూర్చుని రెండు చెంచాలు సగ్గుబియ్యం జావ, కాసేపాగి పలచటి మజ్జిగ, కాసేపాగి మెత్తగా పిసికిన చారన్నం నోటికందించేది చూడండి, ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? తినట్లేదు, సెలైన్ పెట్టించండి అంటున్నారు. అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. నాలుగైదు చెంచాలు. నోటితో తాగగలిగే బిడ్డకు ఆ సూది పోటు దేనికి? ఇడ్లీ పెట్టండి, పెసరకట్టు పెట్టండి, అరటిపండు పెట్టండి, పిల్ల అడిగింది పెట్టండి. తాగించడం మాత్రం మానకండి.

వైడల్ పరీక్ష అంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న మోజు ఇంకెక్కడా చూడలేదు. జ్వరం వచ్చిన రెండో రోజే రక్తం తీసి వైడల్ పాజిటివ్, టైఫాయిడ్ అని చీటీ చేతిలో పెడతారు. 1896లో ఫ్రాన్సులో వచ్చిన పరీక్ష అది. మొదటి వారంలో అది నమ్మదగింది కాదు. వెనకెప్పుడో సోకిన క్రిమికీ పాజిటివ్ చూపిస్తుంది. నిజంగా తేల్చుకోవాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కి పంపాలి. ఒక్క డోసు పడ్డాక పంపితే క్రిమి దొరకడం కష్టం. రోజుకో మందు మార్చాక "కల్చర్ చేయిద్దామా" అని అడిగేవాళ్ళకి నేనేం చెప్పను?

ఈ యాంటీబయాటిక్‌ల వెనక ఎంత కథ ఉందో ఇప్పటివాళ్ళకు తెలియదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుక్కున్నారు. 1948లో అది రోగుల చేతికొచ్చింది. సుబ్బారావు గారు అదే ఏడాది పోయారు. అదే 1948లో మలయాలో క్లోరాంఫెనికాల్‌తో టైఫాయిడ్ తగ్గుతుందని తేలింది. మూడు వారాల జ్వరం రోజుల్లోకి వచ్చిందంటే అప్పటివాళ్ళకు అది దేవుడి వరం. ఆ వరాన్ని మనం ఎలా వాడుకున్నాం? అయిన జ్వరానికీ కాని జ్వరానికీ వాడి, మధ్యలో ఆపి, 1980ల చివరికల్లా క్లోరాంఫెనికాల్‌కీ ఆంపిసిలిన్‌కీ లొంగని టైఫాయిడ్‌ని మన దేశంలో పెంచుకున్నాం. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వంతు. ఇప్పుడు సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ మీద నడుస్తోంది. పాకిస్తాన్‌లో సింధు రాష్ట్రంలోనూ ఒక హైదరాబాదు ఉంది. 2016 చివర్లో అక్కడ మొదలైన టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగలేదు. దాన్ని అడ్డుకోవడానికి అక్కడి పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసినదే. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఆ టీకా వేయించవచ్చు. సీసాలకు సీసాలు సిరప్ తాగించేవాళ్ళు ఆ ఒక్క సూది వేయించారా అని నేనడుగుతూనే ఉంటాను, ఎక్కువమంది లేదనే చెప్తారు.

2014 నుంచి మన దేశంలో చాలా యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదీ షాపువాడు రిజిస్టరులో రాయాలి. ఆచరణలో ఏమవుతోంది? వీధి చివరికి వెళ్ళి "పిల్లాడికి జ్వరం" అంటే చాలు, కవరులో పెట్టి ఇచ్చేస్తాడు. అమెరికాలో ఉన్న మన పిల్లలది ఇంకో తీరు. అక్కడి డాక్టరు వైరస్ జ్వరమని చెప్పి యాంటీబయాటిక్ రాయకుండా పంపితే, రాత్రిపూట ఇక్కడికి ఫోను. సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన పెట్టి పంపిన అజిత్రోమైసిన్ బయటికి తీస్తారు. అక్కడి పారాసిటమాల్ సిరప్ 5 ఎమ్మెల్‌లో 160 మిల్లీగ్రాములు, ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన సీసా వేరే లెక్క. అమ్మమ్మ ఫోనులో చెప్పిన ఎమ్మెల్ అక్కడి సీసాకు పనికిరాదు.

ఆగమన్నానని కళ్ళు మూసుకుని కూర్చోమనలేదు. మూడు నెలలలోపు పసికందుకు 100.4 దాటితే ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకూడదు. ఏ వయసు బిడ్డయినా మందు మీద ఉండగా మత్తుగా పడి ఉన్నా, పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి ఎగబీలుస్తున్నా, తాగిందల్లా కక్కేస్తున్నా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మెడ బిగుసుకున్నా, ఒంటి మీద దద్దుర్లు లేచినా వెంటనే వెళ్ళాలి. టైఫాయిడ్ బిడ్డకు కడుపు ఉబ్బి నొప్పని మెలికలు తిరిగినా, నల్లటి విరేచనమైనా పేగుకు ముప్పొచ్చిందని అర్థం, అర్ధరాత్రయినా పరుగెత్తాలి. ఇవేవీ లేకపోయినా 72 గంటల తర్వాత గీత కిందికి వంగే సూచన లేకపోతే మందు రాసిన ఆ డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి. కొత్తాయన దగ్గర మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టొద్దు. డెంగీలో మరో తిరకాసు ఉంది. అందులో జ్వరం దిగిన రోజే ఎక్కువ జాగ్రత్త పడాలి.

జ్వరంతో ఫిట్స్ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ మీద పడి చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం మా రోజుల్లోనూ ఉంది, ఇంకా పోలేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికైనా ఈ ఫిట్స్ వస్తాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రి. ఆగిపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఐసు నీళ్ళతో తుడవడం కూడా మానాలి, బిడ్డ వణికి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. దుప్పట్లు కప్పి కిటికీలు మూయడమూ మానాలి. పలచటి నూలు బట్ట, గాలి ఆడే గది చాలు.

ఇన్నీ దాటి ఐదో రోజుకో ఆరో రోజుకో ఒళ్ళు చల్లబడుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు నిర్లక్ష్యం. టైఫాయిడ్‌కి సెఫిక్సిమ్ రాస్తే సాధారణంగా రెండు వారాలు. జ్వరం పోయింది, పిల్లాడు స్కూలుకెళ్తున్నాడు, ఇంకెందుకని ఏడో రోజునే ఆపేస్తారు. రెండు మూడు వారాలకు అదే జ్వరం మళ్ళీ వస్తుంది. మిగిలిన సగం సీసా ఫ్రిజ్ తలుపులో ఉంటుంది. నీళ్ళు కలిపిన మందు వారం, మహా అయితే రెండు వారాల్లో చెడిపోతుందని సీసా మీదే రాసి ఉన్నా నెలల తరబడి అక్కడే ఉంచుతారు. తర్వాత పక్క ఫ్లాటు పిల్లకి జ్వరమొస్తే ప్రేమగా తీసి ఇస్తారు. మా దగ్గరికి తెచ్చి "ఇది వేయొచ్చా ఆంటీ, మా వాడికి బాగా పనిచేసింది" అని అడుగుతారు. నేను వేయమని చెప్పను. పిల్లని తూకం వేయించి, డాక్టరుకు చూపించుకుని రమ్మంటాను. పెద్దావిడ చాదస్తం అని వెనక అనుకుంటే అనుకోనీ.